బారో పెద్దమ్మ, లెండ్ చిన్నమ్మ

ఆ రోజుల్లో నాకు ఇంగ్లీషంటే భయం ఉండేది కాదు. కాస్తో కూస్తో వస్తే కదా, ఎక్కడ తప్పు పోతామోనని భయపడటానికి! తెలియని వాళ్లకుండే ధైర్యం చాలా గొప్పది. ఇప్పుడు పిల్లలకు అదే ఇంగ్లీషు చెప్పి జీతం తీసుకుంటున్నాను గానీ, అప్పటి ధీమాలో సగం కూడా నా దగ్గర మిగల్లేదు. ఫోన్లలో ఇంటర్నెట్టు అప్పుడప్పుడే మా వైపు అడుగుపెడుతున్న కాలం అది. ఏ మాటకైనా అర్థం కావాలంటే పక్కనున్న మనిషిని అడగాలి, ఆ మనిషికీ తెలియకపోతే ఇద్దరూ కలిసి ఒక అర్థం ఖాయం చేసుకోవాలి. తెలుగు మీడియంలో డిగ్రీ గట్టెక్కి, చేవెళ్లలో ఒక ప్రైవేటు బడిలో చిన్న తరగతులకు లెక్కలు చెప్పే ఉద్యోగం సంపాదించి, ఇక నాకు తిరుగు లేదనుకుంటూ హిమాయత్‌నగర్ నుంచి (పట్నంలోది కాదు, మొయినాబాద్ పక్కనున్న మా ఊరు) రోజూ షేర్ ఆటోలో వెళ్లొచ్చేదాన్ని. అమ్మ కూడా అదే ఆటోలో వచ్చేది. దారిలో మొయినాబాద్ దాటాక గులాబీ తోటలున్నాయి, అక్కడ పువ్వులు తెంపే పని ఆమెది. (సాయంత్రం అమ్మ చేతులు గులాబీ వాసన వస్తాయని మీరనుకుంటే పొరపాటు, పురుగుల మందు వాసన వచ్చేవి.) ఆటో దిగేటప్పుడు నా చీర కుచ్చిళ్లు సర్ది, "పో టీచరమ్మా" అనేది. ఆ మాట అనడం కోసమే ఆమె ఆ ఆటో ఎక్కుతుందేమోనని నాకు అనుమానం.

అంతా సాఫీగా సాగుతుండగా మా కరస్పాండెంట్ సార్‌కు ఒక ఆలోచన వచ్చింది. మాట మాటకూ "ప్యూర్ ఇంగ్లీష్, ప్యూర్ ఇంగ్లీష్" అంటుంటాడని మేమందరం ఆయన్ని చాటుగా ప్యూర్ సార్ అనేవాళ్లం. చుట్టుపక్కల బడులన్నీ పోటీకి వస్తున్నాయి కనుక వచ్చే ఏడాది నుంచి ఆయా దగ్గర్నుంచి ఆఫీసు దాకా అందరూ ఇంగ్లీషే మాట్లాడాలన్నాడు. దసరా సెలవులయ్యాక టీచర్లను ఒక్కొక్కరినీ స్టాఫంతటి ముందూ నిలబెట్టి నోటి పరీక్ష పెడతానన్నాడు. తప్పినవాళ్లు ఆ నెలాఖరుకు సెలవు తీసుకోవాలి, అది మామూలు సెలవు కాదని వేరే చెప్పక్కర్లేదు. చదువుకోవడానికి అందరికీ ఒక పుస్తకం పంచాడు. అందులో అన్నీ ఒకదాన్ని చూసి ఇంకొకటనుకునే మాటలే. బారో, లెండ్. బ్రింగ్, టేక్. హియర్, లిసన్. అఫెక్ట్, ఎఫెక్ట్. విడివిడిగా చూస్తే మంచి మాటలే, జంటగా నిలబెడితే మాత్రం ఏది ఏదో చెప్పడం కన్నవాళ్ల తరం కూడా కాదు. ఇంటికి వచ్చి అమ్మకు సంగతి చెబితే ఆమె పొయ్యి మీద అన్నం ఉడికేదాకా కలియబెడుతూనే ఉంది. చివరికి, "పువ్వులు తెంపుడు నాతోనే ఆగాలె బిడ్డా. నువ్వు ఆ తోటలకు రావొద్దు" అంది. అంతే. ఆ రాత్రి ప్రార్థనలో మా ఇంట్లో మొదటిసారి ప్యూర్ సార్ పేరు వినిపించింది, ఆయన మనసు మెత్తబడాలని.

ఇక చదవడం మొదలుపెట్టాను. ఇంట్లో కుదిరేది కాదు, బడిలో అసలే కుదరదు, మిగిలింది ఆటో. మా ఆటో సంగతి కొంచెం చెప్పాలి. షేర్ ఆటోలో ఎవరు ముందొస్తే వాళ్లు ముందు కూర్చుంటారని బయటివాళ్లు అనుకుంటారు. మా ఆటోలో అట్లా కాదు, ఎవరి జాగ వాళ్లకు రాసిపెట్టినట్టు ఉండేది. వెనక సీటులో ఎడమ అంచున పెద్దమ్మ, కుడి అంచున చిన్నమ్మ, నడుమ అమ్మ. పెద్దమ్మా చిన్నమ్మా తోడికోడళ్లు, మాకు చుట్టాలేం కాదు గానీ ఊరి వరసలో నేను అట్లా పిలిచేదాన్ని. ఇద్దరూ చేవెళ్ల మార్కెట్లో పక్కపక్కన కూర్చుని కరివేపాకూ కొత్తిమీరా అమ్మేవాళ్లు. ముందు డ్రైవరన్న పక్కన సగం సీటు సర్పంచ్ తాతది. ఆయన ఏనాడూ సర్పంచ్ కాలేదు. నిలబడ్డ ప్రతిసారీ ఓడిపోయాడు, కానీ పిలుపు మాత్రం గెలిచినట్టే నిలిచిపోయింది. వెనక సీటుకు ఎదురుగా డ్రైవర్ వెనకున్న చెక్క మీద నేను, ఒళ్లో పుస్తకంతో.

ఒకరోజు "బారో, లెండ్, బారో, లెండ్" అని గొణుక్కుంటుంటే పెద్దమ్మ ఊరుకోలేక, "ఏందే పొల్లా, పొద్దుగాల్నే ఎవరిని తిడుతున్నవ్?" అంది. ఒకటి అడిగి తీసుకోవడం, ఇంకోటి అడిగితే ఇవ్వడం, ఏది ఏదో గుర్తుండటం లేదు అని నా బాధ చెప్పుకున్నాను. ఆమె నా మాట వింటూనే అమ్మ ఒడి మీదుగా చెయ్యి చాచి, "చెల్లె, జర వక్క ఇయ్యి" అంది. చిన్నమ్మ కొంగుముడి విప్పి వక్కపలుకు ఆ చేతిలో పెట్టింది. రోజూ చూసేదే. కానీ ఆ క్షణాన నా బుర్రలో దీపం వెలిగింది. ఎడమ పక్క అడిగింది, కుడి పక్క ఇచ్చింది. ఎడమ బారో, కుడి లెండ్! నేను చెక్క మీదనుంచి లేచి, ఆటో గుంతలో పడేసరికి అంతే వేగంగా కూలబడ్డాను. ఆ రోజు నుంచీ ఆ ఆటో నా పుస్తకం అయిపోయింది. వచ్చే మాటలన్నీ ఎడమ పక్కకు, పోయే మాటలన్నీ కుడి పక్కకు సర్దేశాను. కమ్, బ్రింగ్, లెర్న్ పెద్దమ్మ దగ్గర. గో, టేక్, టీచ్ చిన్నమ్మ దగ్గర. డ్రైవరన్న హియర్, ఎందుకంటే "ఆపన్నా, ఆపన్నా" అన్న మాట ఆయన చెవిన పడుతుంది గానీ మనసుకెక్కదు. అమ్మ లిసన్. సర్పంచ్ తాతకు కూడా ఒక జంట దొరికింది. ఎలక్షన్లు ఆయన్ని అఫెక్ట్ చేశాయి, కారు పోయి ఆటో ఎక్కడం ఎఫెక్ట్. (ఈ ఉదాహరణ ఆయనకు చెప్పలేదు. స్పీక్ మీరే తాతా అని చెప్పాను, పొంగిపోయాడు.)

వాళ్లు కూడా సంబరంగా నేర్చుకున్నారు. పొద్దున్నే ఆటో ఎక్కగానే "ఏమడుగుతవో అడుగు" అనేవాళ్లు. నేను "లెండ్" అంటే చిన్నమ్మ చెయ్యెత్తేది, "బారో" అంటే పెద్దమ్మ "ఉన్న" అనేది. మొయినాబాద్ చౌరస్తాలో ఎక్కే కొత్తవాళ్లు మమ్మల్ని చూసి, ఇదేదో ప్రార్థన ఆటో అనుకుని సర్దుకుని కూర్చునేవాళ్లు. నా ధీమా రోజురోజుకూ పెరిగింది. స్టాఫ్‌రూములో మిగతా టీచర్లు కళ్లు మూసుకుని బట్టీ పడుతుంటే, నేను కాళ్లూపుకుంటూ పల్లీలు తినేదాన్ని. "నీకు భయం లేదా?" అంటే, "నాకు ఆటో ఉంది" అనేదాన్ని. ఆ ఆటోలో కూర్చున్నది మాటలు కాదు, మనుషులన్న సంగతి మాత్రం నా బుర్రకు తట్టలేదు.

పరీక్షకు ముందు రోజు మార్కెట్లో ఏం జరిగిందంటే, చిన్నమ్మ కొత్తగా నేర్చుకున్న ఇంగ్లీషు ఊరికే ఎందుకు పోవాలని, బేరానికి వచ్చినవాళ్ల ముందే "ఏ బారో! జర ఇటు జరుగు" అని అక్కను పిలిచింది. పక్కన ఉల్లిగడ్డలమ్మే ఆమె బారో అంటే ఏందని అడిగింది. "ఎప్పుడు చూసినా అడిగి తీసుకునేది" అని చిన్నమ్మ నవ్వుతూ చెప్పింది. మార్కెట్టంతా నవ్వింది. సాయంత్రం దాకా పిల్లా పెద్దా అందరూ పెద్దమ్మను బారో అనే పిలిచారట. ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి. ఆ రోజు సాయంత్రం వాళ్లిద్దరూ నాకంటే ముందే వేరే వేరే ఆటోల్లో ఇంటికి పోయారని కూడా నాకు తెలియదు. నేను ఇంట్లో ఇస్త్రీ చీర మడత చెడకుండా దాచుకుని హాయిగా నిద్రపోయాను.

మర్నాడు ఆటో దగ్గరికి వెళ్లేసరికి కుడి అంచున పెద్దమ్మ కూర్చుని ఉంది. రోజూ అందరికంటే చివర వచ్చే మనిషి, ఆ పూట అందరికంటే ముందే వచ్చి కొంగు నడుముకు బిగించి కూర్చుంది.

"పెద్దమ్మా, నీ జాగ అటుపక్క గదా" అన్నాను మెల్లగా.

"ఇయ్యాల్టి సంది నేను లెండ్" అంది పెద్దమ్మ. "నేనెవ్వరిని అడుక్కునేదాన్ని గాదు. ఆమెనే కూసోమను బారో కాడ."

చిన్నమ్మ వచ్చింది, చూసింది, ఎడమ అంచున కూర్చుని బయటికి ముఖం తిప్పుకుంది. నడుమ అమ్మ. ఆటో కదిలింది. నేను కళ్లు మూసుకుని మననం చేద్దామంటే బ్రింగ్ వెళ్లి టేక్ మీద పడుతోంది, టీచ్ వెళ్లి లెర్న్‌లో కలిసిపోతోంది. నెలరోజుల చదువు మొయినాబాద్ చేరేలోపు తలకిందులైపోయింది. నాకు ఏడుపొచ్చేసింది. "మీకు దండం పెడత, మీ జాగలల్ల మీరు కూసోండ్రి. ఇయ్యాల నా పరీక్ష. తప్పితే నా కొలువు పోతది" అన్నాను.

"నీ పరీక్ష మంచిదే బిడ్డా, మా ఇజ్జత్ పోయింది గదా" అంది పెద్దమ్మ.

డ్రైవరన్న ఆటోను రోడ్డు పక్కకు తీసి ఇంజను ఆపేశాడు. చౌరస్తాలో పిలిచినా ఆగని మనిషి! "పొల్ల కొలువు సంగతి తేలేదాక బండి కదలదు" అన్నాడు. సర్పంచ్ తాత దిగి పంచె సవరించుకున్నాడు. ఇన్నేళ్లుగా ఎదురుచూస్తున్న పంచాయితీ ఆయనకు ఆ రోజు నడిరోడ్డు మీద దొరికింది. "అసల్ సంగతేందంటే" అని మొదలుపెట్టి, భూమి తగాదాల దగ్గర్నుంచి బోరుబావుల దాకా మాట్లాడాడు గానీ బారో దగ్గరికి రాలేకపోయాడు. వెనకనుంచి వచ్చే ఆటోలు ఆగి, "ఏమైందన్నా, పంచరా?" అని అడుగుతున్నాయి. "గాదు, ఇంగ్లీష్" అంటున్నాడు డ్రైవరన్న. చిన్నమ్మ అటు తిరిగే, "నేనేం అబద్ధం చెప్పిన? ఉప్పు నేనియ్యాలె, పప్పు నేనియ్యాలె, వక్క నేనియ్యాలె" అంటోంది. పెద్దమ్మ కళ్లనిండా నీళ్లు. నాకు బడి గంట చెవుల్లో మోగుతోంది.

అప్పుడు అమ్మ నోరు తెరిచింది. ఆ ఆటోలో అమ్మ మాట్లాడగా నేను విన్నది చాలా తక్కువ. గొంతు పెంచకుండా చిన్నమ్మ వైపు తిరిగి, "చెల్లె, ఒక్క మాట అడుగుత. నీ కొడుకు దవాఖానల పడ్డప్పుడు నువ్వు వానితోని పట్నంల ఉంటివి. నీ ఇల్లు, నీ బర్రె, నీ చిన్నపిల్ల, అన్ని ఎవరు చూసిండ్రు?" అంది.

చిన్నమ్మ కొంగు కొస వేలికి చుట్టుకుంది.

"అక్క చూసింది. మరి ఆ దినాలు నువ్వు వాపస్ ఇచ్చినవా?"

తాత కూడా మాట ఆపేశాడు. చిన్నమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. తర్వాత ఎడమ అంచునుంచే అమ్మతో, "ఆమెనే లెండ్ అక్కా. నిజం ఆమెనే. నేనే బారో అయిత, ఇక్కడనే కూసుంట" అంది. దానికి పెద్దమ్మ ఒక్కసారిగా, "ఆఁ, ఎందుకే? నీ వక్క తినకుంట నాకు ఏనాడన్న తెల్లారిందా? నేనే బారో, నువ్వే లెండ్. లే, నీ జాగల నువ్వు కూసో" అని లేవబోయింది. "నువ్వు లేవకక్కా, నేను లేవ." "నువ్వు లేస్తవా లేవవా?" అంతవరకూ నువ్వు బారో అంటే నువ్వు బారో అని తిట్టుకున్నవాళ్లు ఇప్పుడు నువ్వు లెండ్ అంటే నువ్వు లెండ్ అని కొట్లాడుకోవడం మొదలుపెట్టారు. వాళ్లిద్దరి ప్రేమా చూసి సంతోషించాల్సింది పోయి, నేను చెక్క మీద నిలబడి తలకు ఆటో టాపు తగులుతుంటే అరిచాను, "మీ దయ ఉండాలె, ఎవరన్న ఒకరు అటు జరుగుండ్రి! రేపటి సంది మీ ఇష్టం!" చివరికి ఇద్దరూ ఒకేసారి లేచి, ఒకేసారి నడుమ ఇరుక్కుని, అమ్మ చీర నలిగిపోయి, ఎవరు ఎక్కడ కూర్చున్నారో చూసుకునేలోపే డ్రైవరన్న బండి ఉరికించాడు.

నేను చేరేసరికి పరీక్ష మొదలైపోయింది. స్టాఫంతా వరసగా కూర్చున్నారు. ప్యూర్ సార్ అద్దాలు దించి చూసి, "కమ్" అన్నాడు. కమ్ అంటే పెద్దమ్మ, పెద్దమ్మ అంటే ఎడమ, అనుకుంటూ ఎడమకు వంగాను. "ఎందుకమ్మా ఊగుతున్నావు? ఒంట్లో బాగుందా?" అన్నాడు. ఆయన కూడా కంగారులో ఇంగ్లీషు మరిచాడు. హియర్, లిసన్ అడిగాడు. డ్రైవరన్ననూ అమ్మనూ తలుచుకుని నిక్షేపంగా చెప్పాను. తర్వాత ఆయన అడిగింది, బారో, లెండ్. ఎడమకు చూశాను, చిన్నమ్మ కనిపించింది. కుడికి చూశాను, పెద్దమ్మ. మళ్లీ ఎడమకు చూస్తే ఇద్దరూ అక్కడే కూర్చుని ఒకరినొకరు నెట్టుకుంటున్నారు. నా ఆటో అంతా గందరగోళమైపోయింది. ఇక సీట్లను నమ్ముకుంటే లాభం లేదనిపించి, నా ఇంగ్లీషుతో నేనే బయల్దేరాను. ఇద్దరు ఆడవాళ్లున్నారు సార్, ఒకామె వక్క బారో చేస్తుంది, ఒకామె లెండ్ చేస్తుంది, కానీ కష్టం వచ్చిన రోజు లెండ్ చేసే ఆమె బారో చేసింది, బారో చేసే ఆమె లెండ్ చేసింది అని, వ్యాకరణం కాళ్లూ చేతులూ విరగ్గొడుతూ, పొద్దున రోడ్డు పక్కన జరిగినదంతా చెప్పేశాను. చివర్లో ఇంకేమనాలో తెలియక, "బారో అండ్ లెండ్ ఆర్ కో-సిస్టర్స్, సార్" అన్నాను, తోడికోడళ్లని నా ఉద్దేశం.

గదిలో నవ్వులు. సార్ మాత్రం నవ్వలేదు. అద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఇది నేనిచ్చిన పుస్తకంలో లేదే, ఎక్కడ చదివావు?" అన్నాడు.

"హిమాయత్‌నగర్ ఆటోల, సార్" అన్నాను.

"సిట్" అన్నాడు. ఆ మాటకు ఆటోలో ఎవరినీ పెట్టుకోలేదు గనుక అది గెలుపో ఓటమో తెలియక నిలబడే ఉన్నాను. పక్కనున్న టీచర్ చెయ్యి పట్టి లాగి కూర్చోబెట్టింది. సాయంత్రం తెలిసింది, లెక్కలతో పాటు రెండో తరగతి ఇంగ్లీషు కూడా నాకే ఇచ్చారని. ఆ పూట చేవెళ్ల అడ్డా దగ్గర అందరూ ఆటో ఎక్కకుండా నాకోసం నిలబడి ఉన్నారు, అమ్మ కూడా తోట పని ముగించుకుని అక్కడికే వచ్చేసింది. "ఏమన్నడే సారు?" అని అమ్మ అడిగేలోపే, "మా మాట అడిగిండా? మా మాట అడిగిండా?" అని తోడికోడళ్లిద్దరూ మీదపడ్డారు. అడిగాడన్నాను. సర్పంచ్ తాత మాత్రం తన మాట రాలేదని తెలిసి, సార్ మీద కాస్త చిన్నబుచ్చుకున్నాడు. అమ్మ మాత్రం దారి పొడుగునా నా చెయ్యి తన రెండు చేతుల్లో పట్టుకుని కూర్చుంది. ఆ చేతుల గరుకుతనం ఇప్పటికీ నా అరచేతిలో ఉంది.

అదంతా జరిగి చాలా ఏళ్లయింది. ఇప్పుడు నేను మొయినాబాద్‌లో ఒక బడిలో ఇంగ్లీషు టీచర్ని, స్కూటీ మీద వెళ్తాను. అమ్మ తోట పని మానేసి ఇంట్లోనే ఉంటోంది. మొన్న శనివారం చౌరస్తాలో సంచీ పట్టుకుని చిన్నమ్మ కనిపించింది. శంకర్‌పల్లి పోయే ఆటో కోసం నిలబడి ఉంది. మోకాళ్ల నొప్పులతో పెద్దమ్మ అక్కడ కూతురింటికి వెళ్లిపోయిందట, మార్కెట్ మానేసిందట.

"ఏం తీస్కపోతున్నవ్ చిన్నమ్మా?" అన్నాను.

"కరేపాకు, జర వక్క. ఆడ దొరకవని గాదు. అక్క ఇప్పుడు ఏమి అడుగుతలేదే, బిడ్డింట్ల ఉన్నది గదా, నోరు తెరువది. నేనే తీస్కపోయి ఇస్తున్న." కొంచెం ఆగి నా ముఖంలోకి చూసింది. "అవునే టీచరమ్మా, అడిగితే ఇచ్చుడు లెండ్ అంటివి గదా. అడుగకముందే ఇస్తే దాన్నేమంటరు?"

"గివ్ అంటరు చిన్నమ్మా" అన్నాను ఠకీమని.

"అది నాకూ తెలుసు. అందరిచ్చేదే అది."

"ఆఫర్?"

"అది బట్టల దుకానం కాడ రాస్తరు."

"గిఫ్ట్?"

"గిఫ్ట్ పెండ్లికి ఇస్తరు. ఇది కరేపాకు."

ఇంతలో ఆటో వచ్చింది. "సరే, ఇంటికి పోయి మంచిగ ఆలోచన జేసి చెప్పు. తొందరేం లేదు, నేను పోతనే ఉంట" అని సంచీ ఎక్కించి తనూ ఎక్కింది. ఆటో శంకర్‌పల్లి వైపు తిరిగేదాకా నేను స్కూటీ మీద కాలు ఆనించుకుని అక్కడే ఉండిపోయాను. ప్రతి మాటకూ ఒక సీటు చూపించి, ప్రతి సీటులో ఒక మనిషిని కూర్చోబెట్టి, ఇక ఇంగ్లీషంతా నాదేనని పల్లీలు తిన్న ఆ పిల్ల గుర్తొచ్చి నవ్వొచ్చింది. అట్లాంటి ధీమా మళ్లీ ఒక్కరోజు దొరికితే బాగుండుననిపించింది కూడా. చిన్నమ్మ అడిగిన మాట కోసం ఇంకా వెతుకుతున్నాను. ఆమె మాత్రం ప్రతి శనివారం శంకర్‌పల్లి ఆటో ఎక్కుతూనే ఉంది.